రౌటర్‌కు గొంతు పెంచితే వినికిడి పెరుగుతుందా?

మా ఊరి ఇంట్లో రౌటర్ కింద హాల్లో, మెట్ల కింద గూట్లో, ఇనప బీరువాకు ఆనుకుని ఉండేది. అమ్మ గది డాబా మీద. డల్లాస్ నుంచి అక్క వీడియో కాల్ చేసినప్పుడల్లా బొమ్మ బిగుసుకుపోవడం మామూలైపోయింది. ఒక ఎండాకాలం సెలవుల్లో దాని సంగతేమిటో తేల్చాలని కూర్చున్నాను. రౌటర్‌లో కంపెనీ ఇచ్చిన ఫర్మ్‌వేర్ తీసేసి, ఎవరైనా మార్చుకోగలిగే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ ఎక్కించాను. దాని సెట్టింగుల్లో ‘ట్రాన్స్‌మిట్ పవర్’ అని ఒక గడి ఉంది. అందులో ఉన్న 100 మిల్లీవాట్లు చెరిపి 251 అని కొట్టాను. పైకెళ్లి చూస్తే అమ్మ ఫోన్లో రెండు గీతలుండే సిగ్నల్ నాలుగు గీతలైంది. పని అయిపోయిందనుకున్నాను.

రాత్రి అక్క కాల్ వచ్చింది. పది నిమిషాలు గడిచాయో లేదో అమ్మ మెట్ల మీద నుంచి కేకేసింది. “ఒరే, అది చెప్పేదంతా నాకు శుభ్రంగా వినపడుతోందిరా. నా మాటే దానికి ముక్కలు ముక్కలుగా పోతోందంట.”

రేడియో గురించి ఏమీ తెలియని అమ్మ, జబ్బు ఎక్కడుందో సరిగ్గా అక్కడే వేలు పెట్టింది. నేను పెంచింది రౌటర్ గొంతు. అమ్మ చేతిలోని ఫోన్ గొంతు ఎప్పటిలా 30 మిల్లీవాట్ల దరిదాపుల్లోనే ఉంది. చిన్న బ్యాటరీతో రోజంతా నడవాల్సిన ఫోను అంతకంటే గట్టిగా మాట్లాడదు. రౌటర్ కేక స్లాబు దాటి పైకి వెళ్తోంది. ఫోను ఇచ్చే జవాబు అదే స్లాబు దాటి కిందికి రాలేకపోతోంది. ఫోన్లో కనిపించే గీతలు రౌటర్ మాట ఫోనుకు ఎంత బాగా వినపడుతోందో చెబుతాయి. ఫోను మాట రౌటర్‌కు ఎలా వినపడుతోందో చెప్పే గీత ఏ ఫోను మీదా ఉండదు.

వైఫైలో ప్రతి ప్యాకెట్టుకూ అవతలి నుంచి ‘అందింది’ అన్న రసీదు రావాలి. రాకపోతే పంపినవాడు మళ్లీ పంపుతాడు. ఈ రసీదు చాలా చిన్నది, నెమ్మదైన వేగంలో వస్తుంది కాబట్టి బలహీనమైన సిగ్నల్లోనూ ఎలాగో గట్టెక్కుతుంది. అందుకే అక్క బొమ్మ అమ్మకు చేరింది. అమ్మ బొమ్మ మాత్రం పెద్ద మూట. ఆ సన్నని దారిలో అది పట్టలేదు.

పవర్ పెంచితే ఎంత లాభమో ముందు లెక్క చూద్దాం. రేడియో మనుషులు మిల్లీవాట్లలో మాట్లాడుకోరు, డెసిబెల్స్‌లో మాట్లాడుకుంటారు. పవర్ రెట్టింపైతే 3 డెసిబెల్స్ పెరిగినట్టు, పదిరెట్లయితే 10. ఒక మిల్లీవాట్‌ను 0 డీబీఎం అనుకుంటే, 100 మిల్లీవాట్లు 20 డీబీఎం, ఒక వాట్ 30 డీబీఎం. నేను చేసిన 251 మిల్లీవాట్లు 24. అంటే రెండున్నర రెట్లు పెంచాననుకున్న నా ఘనకార్యం విలువ 4 డెసిబెల్స్. కాంక్రీటు స్లాబు ఒక్కటే పది డెసిబెల్స్‌కు పైగా మింగేస్తుంది. ఇటుక గోడ తన వంతు తాను తీసుకుంటుంది. ఇనప బీరువా చాటున రౌటర్ పెట్టానంటే, ఆ దిక్కున దారి మూసేసినట్టే.

అడ్డంకి ఏదీ లేని మైదానంలో కూడా దూరం రెట్టింపు కావాలంటే పవర్ నాలుగు రెట్లు కావాలి. తరంగం ముందుకు పోయేకొద్దీ నాలుగు వైపులా పరుచుకుంటుంది కాబట్టి, దూరం రెట్టింపైతే అందే వంతు నాలుగోవంతే. ఇళ్ల మధ్య, గోడల మధ్య ఇంకా కష్టం. అక్కడ పవర్ రెట్టింపు చేస్తే దూరం మహా అయితే ఐదోవంతు పెరుగుతుంది. పది మీటర్లు పోయే సిగ్నల్ పన్నెండు మీటర్లు పోతుందన్నమాట.

అసలు వైఫై ఎంత కొంచెంతో బతుకుతుందో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఫోను దగ్గర మైనస్ 70 డీబీఎం ఉంటే బండి నడుస్తుంది. అంటే 100 మిల్లీవాట్లతో బయలుదేరినదాంట్లో వంద కోట్లలో ఒక వంతు. మిగిలిందంతా గోడలకు, గాలికి, పక్కింటికి, ఆకాశానికి. అంత చిన్న వంతును పట్టుకోగలిగే చెవి మన జేబులో ఉందన్నది నాకు పవర్ కంటే ఎన్నో రెట్లు పెద్ద సంగతిగా కనిపిస్తుంది.

పెట్టె విప్పి పవర్ పెంచే ఈ ఆటకు ఒక చరిత్ర ఉంది. 2002 డిసెంబరులో లింక్‌సిస్ కంపెనీ అమెరికాలో డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రౌటర్ తెచ్చింది. నీలం, నలుపు రంగుల పెట్టె, వెనక రెండు యాంటెన్నాలు. మరుసటి ఏడాది ఆ కంపెనీని సిస్కో కొనేసింది. ఆ పెట్టెలో నడుస్తున్నది లైనక్స్ అని కొందరు ప్రోగ్రామర్లు కనిపెట్టారు. లైనక్స్ లైసెన్సు ప్రకారం దాన్ని పెట్టి సరుకు అమ్మేవాళ్లు ఆ సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి. అడిగితే 2003లో కంపెనీ కోడ్ బయటపెట్టింది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ, డీడీ-డబ్ల్యూఆర్‌టీ అనే ఫర్మ్‌వేర్‌లు అక్కణ్ణుంచే పుట్టాయి. 2005లో కంపెనీ కొత్త మోడల్‌కు లైనక్స్ తీసేసి వేరే ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టినా, అభిమానులు వదల్లేదు. వాళ్ల కోసం లైనక్స్‌తోనే డబ్ల్యూఆర్‌టీ54జీఎల్ అని ఇంకో మోడల్ తేవాల్సి వచ్చింది. ఆ డీడీ-డబ్ల్యూఆర్‌టీలోనే పవర్ గడి ఉండేది, 1 నుంచి 251 దాకా. ప్రపంచంలో ఎంతమంది కుర్రాళ్లు ఆ గడిలో 251 కొట్టి, వేడెక్కిన పెట్టె మీద చిన్న ఫ్యాన్ బిగించారో! ఇంకొందరు టంకం కడ్డీ పట్టుకుని యాంటెన్నాకు ముందు వేరే యాంప్లిఫయర్ అతికించారు. ఆ కుతూహలాన్ని నేను తప్పు పట్టను. పెట్టె విప్పి చూసినవాడికే లోపల ఏముందో తెలుస్తుంది.

అయితే విప్పి చూసేవాడు లోపలి యాంప్లిఫయర్ సంగతి కూడా తెలుసుకోవాలి. మన ఊళ్లో జాతరకో పెళ్లికో మైకుసెట్టు పెడతారు కదా. ఆపరేటరు నాబ్ కొంతదూరం తిప్పేదాకా పాట పెద్దదవుతుంది. అక్కడి నుంచి ఇంకా తిప్పితే పెద్దదవడం ఆగి, పగలడం మొదలవుతుంది. సన్నాయి గరగరమంటుంది, మాటలో ‘స’కూ ‘శ’కూ తేడా పోతుంది. “సౌండు పగులుతోంది, తగ్గించు” అంటారు. యాంప్లిఫయర్ ఇవ్వగలిగిన గరిష్ఠాన్ని దాటి అడిగితే, తరంగం శిఖరాలు నరికేసినట్టు చదునవుతాయి. దాన్నే మన చెవి గరగర అంటుంది.

రౌటర్‌లోనూ ఇదే జరుగుతుంది, ఇంకా తీవ్రంగా. డబ్ల్యూఆర్‌టీ54జీ కాలం నుంచి వైఫై ఒకే తరంగం మీద మాట్లాడదు. పక్కపక్కనే ఉన్న యాభైకి పైగా సన్నని తరంగాల మీద ఒకేసారి మాట్లాడుతుంది. యాభైమంది ఒకేసారి చప్పట్లు కొడితే ఒక్కోసారి అన్నీ ఒకే క్షణంలో పడి పెద్ద మోతవుతుందే, అలా ఈ తరంగాలన్నీ ఒక్కోసారి కలిసి పెద్ద శిఖరం లేస్తుంది. ఆ శిఖరం సగటు కంటే ఎనిమిది, పది డెసిబెల్స్ ఎత్తు. అంటే ఒక వాట్ దాకా లేవగల యాంప్లిఫయర్‌ను సగటున 100, 150 మిల్లీవాట్ల దగ్గరే నడపాలి. మిగతాది శిఖరాల కోసం ఖాళీగా అట్టిపెట్టాలి. మనం గడిలో పెద్ద అంకె కొట్టామంటే ఆ ఖాళీని తినేస్తున్నామన్నమాట.

నష్టం మొదట తగిలేది వేగానికి. 54 మెగాబిట్ల వేగంలో ఒక్కో చిన్న తరంగమూ ఒక్కో విడతకు 64 రకాల ‘అక్షరాల్లో’ ఒకటి మోస్తుంది. ఆ అక్షరాలు ఒకదానికొకటి అతి దగ్గరగా ఉంటాయి, ‘స’కూ ‘శ’కూ లాగా. కాస్త పగిలినా అవతలివాడు ఒకటి అనుకునేది ఇంకోటవుతుంది. తప్పులు ఎక్కువయ్యేసరికి రౌటర్ తనంతట తానే నెమ్మదైన వేగానికి దిగిపోతుంది. అంకె పెరిగింది, గీతలు పెరిగాయి, వేగం పడిపోయింది. నా రౌటర్‌లో లింక్ వేగం చూశాను. 251 దగ్గర ఉన్నదానికంటే 70 దగ్గర ఎక్కువగా, నిలకడగా ఉంది. ఒక్కో అంకె మార్చి, డాబా మీదికి పరుగెత్తి, రాసుకుని, దిగి, మళ్లీ మార్చి, ఒక మధ్యాహ్నమంతా పోయింది. ఆ నోటుపుస్తకం ఇంకా నా దగ్గరుంది.

రెండో నష్టం వేడి. ఈ రకం యాంప్లిఫయర్లు తీసుకునే కరెంటులో చిన్న వంతే రేడియోగా బయటికి పంపుతాయి. మిగతాదంతా ఆ గోరంత చిప్పులోనే వేడిగా ఉండిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఇళ్లలో మధ్యాహ్నం గది వేడే నలభై దగ్గరుంటుంది. గాలాడని గూట్లో ఉన్న పెట్టె నుంచి ఆ వేడి బయటికి పోవడానికి ఎక్కడి దారి?

మూడోది మనకు కాదు, పక్కవాళ్లకు. శిఖరాలు నరికితే పుట్టిన గరగర మన చానల్లోనే ఉండదు. అటూ ఇటూ ఉన్న చానళ్లలోకి ఒలుకుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడని చానళ్లు మూడే, 1, 6, 11. హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా ఫోను తెరిస్తే పాతిక, ముప్పై నెట్‌వర్కుల పేర్లు కనిపిస్తాయి. అవన్నీ ఆ మూడిట్లోనే సర్దుకోవాలి. వైఫైకి ఒక మర్యాద ఉంది. మాట్లాడే ముందు వింటుంది, ఇంకొకరు మాట్లాడుతుంటే ఆగుతుంది. మన గొంతు ఎంత దూరం పోతే అంతమంది మన కోసం ఆగాలి. వాళ్లూ పెంచితే మనం ఆగాలి. అందరూ పెంచుకున్న భవనంలో ఎవరికీ వేగం పెరగదు, ఎదురుచూపు పెరుగుతుంది.

పక్కింటివాడు సరే, ఇంకా పెద్దవాళ్లకూ తగిలిన సందర్భాలున్నాయి. అమెరికాలో విమానాశ్రయాల దగ్గర గాలుల తీరును పసిగట్టే డాప్లర్ రాడార్లు 5.6 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేస్తాయి. దిగుతున్న విమానాన్ని ఉన్నట్టుండి కిందికి తొక్కే గాలివాటం గురించి పైలట్లకు చెప్పేది అవే. 2009లో ప్యూర్టోరికోలోని శాన్ హువాన్ రాడార్ తెరమీద అక్కర్లేని గీతలు పడ్డాయి. ఆరా తీస్తే చుట్టుపక్కల ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లు భవనాల మీద పెట్టిన 5 గిగాహెర్ట్జ్ పరికరాలు దొరికాయి. రాడార్ వినపడితే ఆ చానల్ వదిలి తప్పుకోవాలన్న నియమం ఆ పరికరాలకు ఉంది. సెట్టింగులు మార్చి దాన్ని నొక్కేసినవి ఉన్నాయి. ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఆ తరవాత ఇలాంటి వాళ్లకు జరిమానాలు వేసింది. 2016లో టీపీ-లింక్ కంపెనీ కూడా, దేశం సెట్టింగు మార్చి అనుమతికి మించి పవర్ పెంచుకునే వీలు తన రౌటర్లలో ఉంచినందుకు ఆ కమిషన్‌కు 2 లక్షల డాలర్లు కట్టింది. ఆ ఒప్పందంలోనే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్‌కు దారి మూయబోమని కూడా ఒప్పుకుంది. ఆ రెండో ముక్క నాకు చాలా నచ్చింది. రేడియో హద్దు కాపాడాలి, పెట్టె విప్పే హక్కూ ఉండాలి. రెండూ ఒకదానికొకటి శత్రువులు కావు.

మన దగ్గర తుపానులను చూసే విశాఖపట్నం, మచిలీపట్నం డాప్లర్ రాడార్లు ఎస్-బ్యాండ్‌వి. అవి 5 గిగాహెర్ట్జ్ వైఫైతో కలబడవు. అలాగని హద్దులు లేవని కాదు. 2005 జనవరి నోటిఫికేషన్‌తో మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్‌ను లైసెన్సు లేకుండా వాడుకునే వీలు వచ్చింది. ట్రాన్స్‌మిటర్ పవర్ ఒక వాట్, యాంటెన్నా బలంతో కలిపి 4 వాట్లు, అంటే 36 డీబీఎం, ఇవే దాని హద్దులు. 5 గిగాహెర్ట్జ్‌లో పెద్ద భాగాన్ని 2018 అక్టోబరులో ఇలాగే తెరిచారు. అయితే పరికరానికి ఇచ్చిన అనుమతి దాని అసలు రూపానికి. లోపల యాంప్లిఫయర్ అతికించాక అది ఆ పరికరం కాదు.

ఈ 36 అనే అంకెలోనే నాకు దారి దొరికింది. యాంటెన్నా కొత్తగా పవర్ పుట్టించదు. బల్బు వెనక అద్దం పెడితే టార్చి అయినట్టు, నలుదిక్కులా చిమ్మేదాన్ని ఒక దిక్కుకు పోగుచేస్తుంది. అదే యాంటెన్నా ఆ దిక్కు నుంచి వచ్చే సన్నని మాటను కూడా అంతే బలంగా పోగుచేస్తుంది. యాంప్లిఫయర్ గొంతు మాత్రమే పెంచుతుంది. యాంటెన్నా గొంతును, చెవిని కలిపి పెంచుతుంది. ఇప్పుడు లెక్క చూడండి. ఒక వాట్ ట్రాన్స్‌మిటర్‌కు 6 డెసిబెల్స్ యాంటెన్నా పెడితే హద్దు నిండిపోయింది. 24 డెసిబెల్స్ జాలీ డిష్ పెట్టి, పవర్‌ను 16 మిల్లీవాట్లకు తగ్గిస్తే కూడా అదే హద్దు నిండుతుంది. అవతలివాడికి రెండూ ఒకేలా బిగ్గరగా వినపడతాయి. కానీ రెండోదాని చెవి 18 డెసిబెల్స్ బలం, అంటే అరవై రెట్లు. యాంప్లిఫయర్ చల్లగా ఉంటుంది, మాట పగలదు, పక్కదిక్కు వాళ్లకు చప్పుడు తగ్గుతుంది. వాయేజర్ నౌకలు ఇరవై పైచిలుకు వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో సూర్యుడి గాలుల హద్దు దాటి ఇంకా మాట్లాడుతున్నాయంటే, ఇక్కడ భూమి మీద 70 మీటర్ల డిష్‌లు చెవులొగ్గి వింటున్నాయి కాబట్టే.

మా పొలంలో మోటారు షెడ్డు ఇంటికి 600 మీటర్ల దూరం, చెరువు గట్టు అవతల. అక్కడ ఒక కెమెరా పెట్టాలని నాన్నకు ఎప్పటి నుంచో కోరిక. దానికి డబ్బా యాంటెన్నా చేశాను. వంటింట్లో ఖాళీ డబ్బాలన్నీ ముందేసుకుని స్కేలుతో కొలిచాను. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12 సెంటీమీటర్ల పైచిలుకు. డబ్బా అడ్డుకొలత 73 మిల్లీమీటర్ల లోపుంటే ఆ తరంగం లోపలికే దూరదు. 92 దాటితే ఇంకో తీరుగా కూడా నడిచి చిక్కు చేస్తుంది. పాలపొడి డబ్బా వెడల్పు ఎక్కువైంది. అమ్మ పోపుల సామాను పోసుకునే కాఫీపొడి డబ్బా 85 ఉంది. దాన్ని ఇప్పించుకోవడానికి రెండ్రోజులు పట్టింది. అడుగు నుంచి 57 మిల్లీమీటర్ల దగ్గర బెజ్జం కొట్టి, కనెక్టర్ బిగించి, దాని మొనకు 31 మిల్లీమీటర్ల రాగితీగ టంకం వేశాను. తరంగంలో నాలుగోవంతు పొడవది. ఒక్క మిల్లీమీటరు ఎక్కువ కత్తిరించి మళ్లీ వేయాల్సి వచ్చింది. అలాంటివే రెండు. ఒక్కోటీ ఏడెనిమిది డెసిబెల్స్ ఇస్తాయి.

మొదట దీనికోసం వేరే రౌటర్ ఒకటి హాల్లో పెట్టి, పిట్టగోడ మీది డబ్బాకు పది మీటర్ల కేబుల్ లాగాను. అవతల ఏమీ లేదు. ఆ సన్నరకం కేబుల్ మీటరుకు ఒక డెసిబెల్ చొప్పున తింటుంది. పది మీటర్లకు పది డెసిబెల్స్ అంటే పదింట తొమ్మిది వంతులు తీగలోనే పోయాయి. అప్పుడు రౌటర్‌నే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి డబ్బా యాంటెన్నా పక్కకు ఎక్కించాను. పవర్ 25 మిల్లీవాట్లే. షెడ్డు దగ్గర మైనస్ 70 చుట్టుపక్కల అందింది. గట్టు మీద కొబ్బరాకులు మధ్యకు ఊగినప్పుడు మాత్రం పడిపోయేది. కంటికి దారి కనిపిస్తే చాలదు. ఆ దూరానికి మధ్యలో చూపు చుట్టూ నాలుగు మీటర్ల మేర ఖాళీ ఉండాలి. షెడ్డు మీద గొట్టం పొడిగించాక కుదిరింది.

ఈ విద్యను ఎంత దూరం తీసుకెళ్లవచ్చో వెనెజులాలో ఎర్మానో పియెత్రోసెమోలి చూపించారు. 2006లో ఆయన బృందం ఆండీస్ పర్వతాల్లోని పీకో ఎల్ ఆగిలా నుంచి ఎల్ బవుల్‌కు 279 కిలోమీటర్ల వైఫై లింకు వేసింది. పెట్టెలు అవే డబ్ల్యూఆర్‌టీ54జీలు. వేరే యాంప్లిఫయర్ లేదు. ఉపగ్రహ సేవ నుంచి విరమించిన పెద్ద డిష్‌ను మార్చి వాడారు. అంత దూరంలో భూమి గుండ్రతనమే మధ్యలో కిలోమీటరుకు పైగా ఉబ్బి అడ్డొస్తుంది కాబట్టి, నాలుగు వేల మీటర్ల ఎత్తు శిఖరం కావాల్సి వచ్చింది. అక్కడ ఎదురైన ఆటంకం పవర్ కానే కాదు, కాలం. కాంతి ఒక మైక్రోసెకండులో 300 మీటర్లే పోతుంది. 279 కిలోమీటర్లు పోవడానికి మిల్లీసెకండుకు కాస్త తక్కువ, రసీదు తిరిగి రావడానికి మళ్లీ అంతే. మామూలు వైఫై అంతసేపు ఆగదు. రసీదు రాలేదనుకుని మళ్లీ పంపుతుంది, దారిలో రెండూ గుద్దుకుంటాయి. ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ ఉంది కాబట్టి ఆ ఓపికను పెంచగలిగారు. బర్కిలీ విశ్వవిద్యాలయం వాళ్లు రసీదుల పద్ధతినే తిరగరాసిన ఫర్మ్‌వేర్‌తో, 2007లో 382 కిలోమీటర్ల మీద రెండు వైపులా మూడు మెగాబిట్ల వేగం వచ్చింది. ఆ కోడ్ తమిళనాడులో అరవింద్ కంటి ఆసుపత్రి పల్లె కేంద్రాలను పట్నంలోని డాక్టరుతో వీడియోలో కలిపిన లింకులకూ పనికొచ్చింది.

మన పశ్చిమ గోదావరి జిల్లాలోనూ ఆ రోజుల్లోనే భీమవరం చుట్టుపక్కల పల్లెలను బైర్రాజు ఫౌండేషన్ ‘అశ్విని’ ప్రాజెక్టు కింద ఇలా దూరపు వైఫైతో కలిపింది. వీడియోలో పాఠాలు, వైద్య సలహాలు నడిచాయి. కొబ్బరితోటల సీమ అది. యాంటెన్నాలు చెట్ల తలలు దాటాలంటే టవర్లు నిలబెట్టాలి. రౌటర్ ఖరీదు ఆ టవర్ ఖరీదు ముందు ఏ మూలకూ రాదు. డబ్బు పోసింది ఎత్తుకు. ఆ పల్లెల్లో పిల్లలు చూసిన పాఠం ఎత్తు మీదుగానే వచ్చింది.

ఇక అమ్మ గది. మెట్ల కింద గూటి నుంచి రౌటర్ తీసి హాలు మధ్యలో, బీరువాకు దూరంగా, తల ఎత్తున గోడకు తగిలించాను. పాత రౌటర్ ఒకటి అటక మీద ఉంటే దింపి, కింది నుంచి కేబుల్ లాగి అమ్మ గదిలో పెట్టాను. కింది దానికి చానల్ 1, పై దానికి 11. రెండిటికీ పవర్ గడిలో 50 కొట్టాను. ఫోనుకు నాలుగడుగుల దూరంలోనే చెవి ఉంది కాబట్టి ఫోను కూడా గొంతు చించుకోనక్కర్లేదు. ఆ ఆదివారం అక్క కాల్ గంటంపావు నడిచింది. అమ్మ తన కొత్త చీర అంచు కెమెరాకు దగ్గరగా పెట్టి చూపిస్తుంటే, అవతలి నుంచి అక్క జరీ రంగు చెప్పింది.